చీమ చూడని నలుపు

చెంగమ్మకి నేనంటే పడదు. నాకు చెంగమ్మంటే అసలే పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను చేసిన యంత్రం గొప్పదే, కానీ దాన్ని మంచి మనసుతో చేయలేదు.

చెంగమ్మ నాకు సవతి తల్లి, మా అమ్మ దేశమ్మకి సొంత చెల్లెలు. అమ్మ నన్ను కని మంచం పట్టింది. పదకొండు నెలలు అలాగే ఉండి, చనిపోయింది. ఏడాది తిరక్కముందే మా నాన్న కుప్పయ్య ఈవిడ మెడలో తాళి కట్టాడు. బిడ్డ కోసమే కదా అని ఊరంతా సమాధానపడింది. ఆ బిడ్డని నేనే. నన్నెవరూ అడగలేదు.

మాది శ్రీకాళహస్తిలో కలంకారీ ఇల్లు. గుడ్డని పాలలోనూ కరక్కాయ నీళ్లలోనూ నానబెట్టి ఎండేస్తారు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో దాని మీద బొమ్మ గీస్తారు. ఆ బొగ్గు గీత వెంబడే వెదురు కలంతో కసిమి వేస్తారు. కసిమి అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కల్నీ బెల్లాన్నీ కుండలో మూడు వారాలు ఊరబెట్టి తీసే నల్లరంగు. ఆ తర్వాత గుడ్డని స్వర్ణముఖిలో ఉతుకుతారు. బొగ్గు నీళ్లలో కలిసి పోతుంది, నలుపు నిలుస్తుంది. మొదట గీసిన చెయ్యి ఎవరిదో ఇక ఎవరికీ తెలీదు. గుడ్డ కింది మూల మాత్రం ఇంటిపెద్ద సంతకం ఉంటుంది. మా వీధిలో అందరి ఇళ్లలోనూ అదే పద్ధతి.

మా నాన్న సంతకంతో వందల గుడ్డలు పోయాయి. మ్యూజియం గోడ ఎక్కింది మాత్రం ఒక్కటే. నూటెనిమిది పక్షుల చెట్టు, పన్నెండడుగుల గుడ్డ. నేను పుట్టడానికి కొద్ది నెలల ముందు పూర్తయింది. దానికే నాన్నకి బిరుదు, శాలువా, పేపర్లో ఫొటో వచ్చాయి. అమ్మ పోయాక ఆ ఇంట్లో అలాంటి గుడ్డ ఇంకొకటి పుట్టలేదు. నాన్న గీసిన పక్షులు ఎలా ఉండేవో నాకు తెలుసు. ఆ చెట్టు మా అమ్మ గీసిందని తేల్చుకోవడానికి నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. నా ఊయల గుడ్డ. మూరెడు గుడ్డ మీద ఒక్కటే చిలుక, మెడ వెనక్కి తిప్పి తన తోకని తానే చూసుకుంటూ ఉంటుంది. మ్యూజియం చెట్టు మీద కూడా సరిగ్గా అలాంటి చిలుక ఉంది. "మీ అమ్మ నీకోసరం గీసింది" అని నాకు ఐదేళ్లప్పుడు చెంగమ్మే ఇచ్చింది. ఆవిడ నాకు చేసిన మేలు అదొక్కటే అనుకునేదాన్ని. ఆ గీత అందం చెప్పలేను. దాని మీద వేసిన నలుపు మాత్రం పరమ చెత్త. వణికింది, చెదిరింది, మూడు చోట్ల బొట్లు కారింది. అమ్మకి ఒంట్లో బాగాలేక బొగ్గుతో గీసి వదిలేసి ఉంటుందని, తర్వాత ఆ నలుపు వేసి పాడుచేసింది చెంగమ్మేనని నాకు చిన్నప్పటి నుంచీ గట్టి నమ్మకం.

నాకు ఏడేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి చెంగమ్మ గుడ్డ పరుచుకుని చింతబొగ్గు పట్టుకుని కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "అది మా అమ్మ బొగ్గు, నువ్వు ముట్టుకోవద్దు" అని లాక్కుని విరిచి కసిమి కుండలో పారేశాను. నాన్న నవ్వి, "పోనీలే చెంగా, పసిది" అన్నాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని లేచి వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత ఆవిడ చేతిలో బొగ్గు నేను చూడలేదు. ఈ ముచ్చట నేను స్నేహితుల దగ్గర గర్వంగా చెప్పుకునేదాన్ని.

నాన్న పోయిన ఆర్నెల్లకి మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. కలంకారీకి కొత్త గది కడుతున్నారట, ప్రతి గుడ్డ పక్కనా గీసినవారి పేరు పెడతారట. కుప్పయ్య గారు సంతకం చేశారు సరే, గీసింది కూడా ఆయనేనా, వారసులిద్దరూ సంతకాలు పెట్టి ధ్రువీకరించండి అని అడిగారు. నేను కాగితం మీద "దేశమ్మ" అని రాసి, కింద నా సంతకం పెట్టి, తిరుపతి నుంచి కాళహస్తి బస్సెక్కాను.

చెంగమ్మ వసారాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది.

"ఏముండాది దాంట్లో?"

"చెట్టు గుడ్డ గీసింది అమ్మ అని రాసినా. నువ్వు ఈడ సంతకం పెడితే పంపించేస్తా."

"మీ నాయన పేరు వుండాది గదా దానికి. చాల్దా?"

"నాయన గీయలేదు. ఆ సంగతి నీకు గూడా తెలుసు."

"నువ్వు చూసినావా? అప్పటికి నువ్వింకా పుట్టనే లేదు."

"నువ్వు చూసినావు గదా. చెప్పు అయితే, ఎవరు గీసినారు?"

ఆవిడ బియ్యాన్ని ఒకసారి చెరిగింది. పొట్టు నా చీర మీద పడింది. కావాలనే చేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

"పోయినోళ్లు పోయినారు. తవ్వద్దు మే."

"దేనికి నీకంత భయం?"

"భయం నాకోసరం గాదు. నేను బతికుండంగా ఆ కాయితం మీద సంతకం పెట్టను. అన్నం తింటే తిను, లేదంటే బస్సుకి టైమయితాది."

నేను తినకుండా వచ్చేశాను. అక్క పేరు గోడ మీద కనబడితే తన మొగుడి పేరు దిగిపోతుందని ఈవిడ ఏడుపు అనుకున్నాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆవిడని తిట్టుకుంటూనే ఉన్నాను.

నేను తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. రెండో ఏడాది పిల్లలతో ఏటా గీత వెంట నడిచే రోబో చేయిస్తాం. స్టీలు టిఫిను డబ్బా మూతకి మూడు చక్రాలు, రెండు చిన్న మోటార్లు, కడుపు కింద పరారుణ సెన్సరు. సెన్సరు పని చాలా తేలిక. మన కంటికి కనబడని వెలుతురు ఒకటి కిందికి కొడుతుంది. తెల్లటి చోట అది తిరిగొస్తుంది, నల్లటి గీత దాన్ని మింగేస్తుంది. ఎక్కడ తిరిగిరాలేదో అక్కడ గీత ఉన్నట్టు లెక్క. నేను సొంతంగా ఆడుకోవడానికి చేసుకున్న రోబోకి చీమ అని పేరు పెట్టాను. పాత టెలిఫోన్ సామాన్ల చెత్తలో దొరికిన పరారుణ దీపాల్నీ వాటికి జత కళ్లనీ దానికి బిగించాను. ఆ వెలుతురు మామూలు సెన్సర్లది కన్నా ఇంకా లోతైన ఎరుపు. ఏం చేస్తుందో చూద్దామని సరదా, అంతే.

దాన్ని నడిపి చూసే రోజున, దారి అతికించే నల్ల టేపు అయిపోయింది. ఇంకెవరైనా అయితే మార్కరు తెచ్చుకునేవాళ్లు. నేను కలంకారీ ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, మా ఇంటి నుంచి తెచ్చుకున్న పాత గుడ్డ ఒకటి పరిచి, సీసాలో ఉన్న కసిమితో దారి గీశాను. కాటుకలాంటి నలుపు, వేలెడు వెడల్పు. చీమని దాని మీద వదిలాను. అది ఆ నలుపుని ఏమాత్రం పట్టించుకోకుండా అడ్డంగా దాటిపోయింది.

"మేడం, చీమకి కళ్లు పోయినాయి" అన్నారు పిల్లలు.

నేను మళ్లీ పెట్టాను, మళ్లీ దాటిపోయింది. మూడోసారి గుడ్డ మధ్యలో టక్కున ఆగింది. అక్కడ ఏమీ లేదు, ఉత్త తెల్లగుడ్డ. అది ఎడమవైపుకి తిరిగి, మామిడిపిందె ఆకారంలో మెల్లగా ఒంపు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి నిలబడింది. నేను గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూశాను. ఏమీ కనబడలేదు. ఎప్పుడో ఎవరో బొగ్గుతో పిందె గీసి, నచ్చక ఉతికి పారేసిన గుడ్డ అది.

అప్పుడర్థమైంది. ఆ వెలుతురుకి కసిమి మంచినీళ్లలాగా ఉంది, అడ్డే కాదు. బొగ్గు మాత్రం నలుసంత మిగిలినా మింగేస్తోంది. ఏటి నీళ్లు ఎంత కడిగినా పోగుల మధ్య నలుసు మిగలకుండా పోదు. ప్రతి కలంకారీ గుడ్డలోనూ నలుపు కింద మొదటి గీత ఇంకా బతికే ఉంది.

మిగిలినదానికి ఎనిమిది నెలలు పట్టింది. గీత మీద ఎక్కడ బొగ్గు ఎక్కువ దిగిందో, ఎక్కడ తక్కువో చీమ వెంట్రుకవాసి తేడాతో కొలిచేలా చేశాను. చెయ్యి ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తేలిందో, ఎక్కడ ఊపిరి కోసం ఆగిందో కంప్యూటరులో కొండల వరసలాగా వస్తుంది. దానికి చేతినడక అని పేరు పెట్టాను. మా ప్రిన్సిపాలు, అటెండరు, పిల్లలు, క్యాంటీను ఆవిడ, అందరిచేతా బొగ్గుతో గీయించాను. నూటపాతిక మంది గీస్తే ఒకరి నడక ఇంకొకరిదిగా ఒక్కసారి కూడా పొరబడలేదు. ఎడమచేత్తో గీసినా దొరికిపోయారు. కాన్ఫరెన్సుల వాళ్లు ఉత్తరాలు రాశారు. నాకు అవేమీ పట్టలేదు. చెంగమ్మ పూసిన ఆ చెత్త నలుపుని చీమ తుడిచేస్తుంది, కింద మా అమ్మ మిగులుతుంది. నాకు కావలసింది అంతే.

మ్యూజియంలో కలంకారీ విభాగం చూసే సారథి గారు బక్కగా, నెమ్మదిగా, ప్రతి మాటనీ ఒకసారి నాలుక మీద తూచి వదిలే మనిషి. హైదరాబాదులో ఆయన గదిలో పొడుగాటి బల్ల మీద చెట్టు గుడ్డ పరిచారు. చీమ చక్రాలకి నేను మెత్తటి ఉన్ని తొడిగాను.

"మేడం, ఒక్క పోగు లేచినా నా ఉద్యోగం ఉండదండి" అన్నారాయన.

"లేవదండీ. మా ఇంటి గుడ్డే కదా, మీకన్నా నాకే భయం ఎక్కువ."

ముందు పక్కబల్ల మీద ఊయల గుడ్డ పెట్టి చీమని చిలుక మీద నడిపించాను. ఆ తర్వాత చెట్టు మీద మెడ తిప్పిన చిలుక దగ్గర వదిలాను. నాలుగు నిమిషాలు అది పక్షి చుట్టూ తిరుగుతూ ఉంటే సారథి గారు చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. కంప్యూటరులో రెండు కొండల వరసలూ ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఒక్క శిఖరం కూడా బయటికి రాలేదు. ఇంకో పన్నెండు పక్షుల మీద నడిపినా అంతే.

నలభై ఏళ్లుగా ఒక సంతకం కింద పడి ఉన్న మా అమ్మ లేచి కూర్చున్నట్టు అనిపించింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. దాచుకోలేదు.

సారథి గారు మంచినీళ్లు ఇచ్చి అన్నారు. "చాలా గొప్ప పనండి. అమ్మగారి పేరు పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కమిటీ ఒకటి అడుగుతుంది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉన్న మిగిలినవాళ్ల గీతలు కూడా చూసి, వాళ్లు కాదని రాయాలి."

"నాన్న గీసి వదిలేసిన గుడ్డ తెచ్చానండీ." అప్పటికప్పుడే దాని మీద చీమని నడిపించాను. సరిపోలేదు.

"ఇంకెవరన్నా ఉన్నారాండి?"

"మా చిన్నమ్మ ఉండేది. పురుడుకి సాయం వచ్చి ఇంట్లోనే పాతుకుపోయింది. ఆవిడకి గీతేమీ రాదు."

"అలాగైతే ఐదు నిమిషాల పని కదండి. ఆవిడ చేత ఒక్క గీత గీయించి, కాదని రాసేయండి. వారసులుగా సంతకం కూడా ఆవిడది ఎలాగూ కావాలి కదా."

ఆ ఆదివారం పొద్దున్నే మళ్లీ కాళహస్తి పోయాను. సంచీలో చీమ, కంప్యూటరు, ఊయల గుడ్డ, కొత్త కాగితం ఉన్నాయి. చెంగమ్మ పెరట్లో దండెం మీద ఉతికిన గుడ్డలు ఆరేస్తోంది. అరవై దగ్గరపడినా మనిషి చువ్వలాగా ఉంటుంది. చీమని తీసి గట్టు మీద పెట్టాను.

"ఇదేనా మీ యమ్మ పేరు చెప్పే పురుగు?"

"చెప్పేసింది. చెట్టు గుడ్డ గీసిన చెయ్యీ నా ఊయల గుడ్డ గీసిన చెయ్యీ ఒకటేనని తేలిపోయింది. ఇంక నీ సంతకం లేకపోయినా నిజం నిలబడతాది."

ఆవిడ దండెం పట్టుకుని అలాగే నిలబడింది. మొహంలో రంగు పోయింది. నేను గెలిచానని అనుకున్నాను.

"ఊయల గుడ్డ మీద గూడా తిప్పినావా దాన్ని?"

"దాన్ని బట్టే గదా తేలింది. ఇంక నువ్వు ఒక గీత గీసిస్తే, నీది కాదని రాసి పంపించేస్తా."

"నేను గీయను."

"ఎందుకు?"

"గీయనంటే గీయను. నీ కాలేజీ పిలకాయల్ని ఆడించినట్టు నన్ను ఆడించద్దు."

"గీత వస్తే గదా గీసేదానికి" అన్నాను. "అక్క మంచం దిగకముందే అక్క మొగుడి కుండకాడ చేరేది వస్తాది నీకు. అది మాత్రం బాగా వస్తాది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. నలభై ఏళ్లుగా నోట్లో ఉన్న మాట, ఆ రోజు బయటికి వచ్చింది.

చెంగమ్మ చేతిలో తడిగుడ్డని దండెం మీద సరిచేసి, వంటింట్లోకి పోయి, చింతపుల్లలు రెండు పొయ్యిలో పెట్టింది. నిప్పు పట్టాక తీసి ఇసకలో గుచ్చి ఆర్పింది. ఎంతసేపు కాలనివ్వాలో, ఎప్పుడు తియ్యాలో చూడకుండానే చేసింది. వసారాలో చిన్న గుడ్డ పరిచి, పుల్లని చివర పట్టుకుని కూర్చుంది. మా వీధిలో బాగా చెయ్యి తిరిగినవాళ్లు మాత్రమే పుల్లని చివర పట్టుకుంటారు. మిగిలినవాళ్లం పెన్సిలు పట్టుకున్నట్టు మొన దగ్గర పట్టుకుంటాం.

చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపిరిలో గీసింది. ముక్కు, తల, వీపు, తోక. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం తేలి, వెనక్కి తిరిగింది. చిలుక తన తోకని చూసుకుంటోంది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. చీమ అక్కర్లేదు, కంప్యూటరు అక్కర్లేదు. అయినా మొండితనం కొద్దీ చీమని దాని మీద దించాను. అది తన దారిన తాను నడిచింది. మూడు కొండల వరసలు ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఒకే వరస కనబడింది.

"చెట్టు గుడ్డ నువ్వే గీసినావా?"

"పందొమ్మిదేండ్లు నాకు. మీ యమ్మ కడుపుతో వుండె, వంగలేకపోయె. నేను గీస్తి. మీ నాయన సంతకం పెట్టె. ఎవరింట్లో అయినా అంతే గదా."

"ఊయల గుడ్డ?"

ఆవిడ బొగ్గు చేతిని చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది.

"బిడ్డకి నా చేత్తో గీసింది ఒగటి వుండాల అనింది మీ యమ్మ. పుల్ల పట్టుకుంటే రాలిపోతా వుండె. నువ్వు గీయి మే చెంగా, నేను గీసినానని చెప్పు దానికి, అనింది. నేను మాటిస్తి. నలబై ఏండ్లు మోసినా ఆ మాటని. నువ్వు డబ్బా మూతకి చక్రాలు కట్టి ఒక్క పూటలో దించేస్తివి."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"నేను బొగ్గు లాక్కుని విరిచినప్పుడైనా చెప్పొచ్చు గదా."

"ఏడేండ్లదానివి. మా యమ్మ బొగ్గు అని ఏడస్తా వుంటివి. కాదు, ఇది నాది, మీ యమ్మది ఏమీ లేదు అని చెప్పాల్నా నీకు?"

"తర్వాత మళ్లీ ఎందుకు గీయలేదు?"

"నువ్వు ఇంట్లోనే వుంటివి గదా. గీస్తే చూస్తావు. చూస్తే ఒగరోజు కాకుంటే ఒగరోజు కనుక్కుంటావు, కలంకారీ ఇంటి పిల్లవి." ఆవిడ మాటలో జాలి లేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. "అందుకని మానేస్తి."

అమ్మ పోయాక ఆ ఇంట్లో అలాంటి గుడ్డ ఇంకొకటి పుట్టలేదని అందరికీ సాక్ష్యంగా చెప్పుకుంటూ తిరిగింది నేను. పుట్టనివ్వనిదీ నేనే. ఆవిడ చేతిలో ఇంకెన్ని చెట్లు ఉన్నాయో, ఎన్ని వందల పక్షులు ఉన్నాయో నాకు తెలీదు. వాటి చేతినడక కొలవడానికి ఏ యంత్రమూ లేదు, అవి గీయనేలేదు కాబట్టి.

చెంగమ్మ నా సంచీలోంచి కాగితం తానే తీసుకుంది.

"దేశమ్మ అనే రాసుండావు గదా. వుండనీ. ఆ పురుగు నా గీత కాదనింది అని రాసెయ్. ఇప్పుడు పెడతా సంతకం. యాడ పెట్టాల?"

"అప్పుడు పెట్టమంటే పెట్టలేదు."

"అప్పుడు నీకు తెలీదు. నా గీతని ఒగసారి మొగుడి సంతకం కింద పెట్టేస్తి. ఇంకోసారి, నన్ను తిట్టే నోటి ముందర, నా చేత్తో రాసిమ్మంటే పాణం ఒప్పలేదు. ఇప్పుడు నీకు తెలుసు. నాకంతే చాలు. మా యక్క పేరు గోడ మీద వుంటే నాకు మాత్రం బాధా?"

నాకు కావలసిందంతా నా ముందర ఉంది. రెండు చేతినడకలూ సరిపోయాయని సారథి గారు కళ్లారా చూశారు. మూడోది చూసింది మేమిద్దరమే. ఆ కాగితం పంపిస్తే చాలు, అమ్మ పేరు పెద్ద అక్షరాలతో మ్యూజియం గోడ మీద ఉంటుంది. ఎవరూ అడగరు. మా నాన్న కూడా ఇలాగే, ఎవరూ అడగరు కదా అని మూలన సంతకం పెట్టి ఉంటాడు. ఆయన్ని నేను జీవితమంతా తిట్టింది దీనికే.

కలం తీసి "దేశమ్మ" కొట్టేశాను. పక్కన "చెంగమ్మ" అని రాసి, నా సంతకం పెట్టి, కాగితం ఆవిడ వైపు తోశాను.

ఆవిడ చదివి వెనక్కి తోసింది.

"పెట్టను."

"పెట్టాల."

"మాటిచ్చినా మా యక్కకి. దీని మీద సంతకం పెడితే ఊరందరికీ చెప్పినట్టే. పెట్టను పో."

"పెట్టేదాకా ఈడే కూచుంటా. అన్నం పెడితే తింటా, లేదంటే పస్తుంటా."

"కూచో. నాకేం."

కూర్చున్నాను. కాగితం ఇద్దరి మధ్యా గచ్చు మీద ఉంది. ఎండ వసారాలోకి వచ్చింది. ఆవిడ పొయ్యి మీద పప్పు పడేసి వచ్చింది. నేను ఊయల గుడ్డ తీసి ఒళ్లో పరుచుకున్నాను. ఐదేళ్లప్పటి నుంచి ప్రతి ఊరికీ నాతో తిరిగిన గుడ్డ. హాస్టల్లో తలకింద పెట్టుకున్న గుడ్డ. మా అమ్మ చెయ్యి తగిలిన ఒకే ఒక్క వస్తువు నా దగ్గర ఉందని అందరికీ చూపించుకున్న గుడ్డ.

"అయితే దీంట్లో మా అమ్మది ఏమీ లేదు" అన్నాను.

చెంగమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. మళ్లీ చిరాకు.

"కండ్లు లేవా నీకు? నలుపు ఎవరిదనుకున్నావు?"

నేను తలెత్తాను.

"ఒగ గీత అయినా నేను వేయాల అని పట్టుబట్టింది. లేచి కూచోలేదు గదా. పడుకోనే వేసింది. నేను గుడ్డని పలకకి కట్టి దాని మొగం మీద పట్టుకుంటి. కలం పైకెత్తితే కసిమి కారి కండ్లల్లో పడతా వుండె. నేను తుడస్తా వుంటి, అది వేస్తా వుండె. మూడు దినాలు పట్టింది ఆ ఒక్క చిలకకి. యాడ చెయ్యి పడిపోయిందో ఆడంతా బొట్లుండాయి చూడు."

మూడు బొట్లు. నేను లెక్కపెట్టి, ఏవగించుకుని, చెంగమ్మ చేతికి అంటగట్టిన మూడు బొట్లు. ఆ నలుపుని చూడకుండా ఉండాలనే నేను ఎనిమిది నెలలు కష్టపడి యంత్రం చేశాను. చీమ గొప్పతనమంతా అదే. మా అమ్మ చెయ్యి పడిన చోటుని అది మంచినీళ్లలాగా దాటిపోతుంది.

గుడ్డని గచ్చు మీద పరిచి, చీమని మళ్లీ తీసి చిలుక ముక్కు దగ్గర పెట్టి మీట నొక్కాను. అది చెంగమ్మ బొగ్గు వెంట బయల్దేరింది. దాని పక్కనే నా చూపుడువేలు పెట్టి, నేను నలుపు వెంట బయల్దేరాను. తల దాకా రెండూ కలిసే నడిచాయి. మెడ దగ్గర చీమ హాయిగా ఒంపు తిరిగి పైకి పోయింది. నలుపు తిరగలేకపోయింది. వణికి, పక్కకి జారి, ఒక బొట్టుగా ఆగింది. నా వేలు అక్కడ ఆగిపోయింది. బొట్టు తర్వాత గీత సన్నగా మళ్లీ మొదలై, బొగ్గుని వెతుక్కుంటూ వెళ్లి, తోక దగ్గర దాన్ని అందుకుంది. చీమ ఎప్పుడో అక్కడికి చేరి నిలబడి ఉంది. నేను మెల్లగా వెళ్లాను.

మళ్లీ మొదటి నుంచి పెట్టాను. చెంగమ్మ నా వెనక నిలబడి ఉందని తెలుసు.

"చాల్లే, అరిగిపోతాది గుడ్డ" అంది. "ఆ పురుగుని తీసి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కోనిరా. పప్పు దించినా."

చీమని ఆపేశాను. వేలు మాత్రం ఆ బొట్టు మీద నుంచి తియ్యలేదు.